గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్షకు నమూనాను తామే తీసుకోవడం మహిళలకు సమ్మతమేనా?

ఈ క్యాన్సర్‌కు కారణమయ్యే హెచ్‌పీవీ అనే వైరస్‌ను గుర్తించే పరీక్షకు నమూనాను స్వయంగా తీసుకునే పద్ధతిని మహిళలు అంగీకరిస్తారా అని అడిగితే, ఎక్కువ మంది అంగీకరిస్తారనే చెప్పాలి. బిడియం వల్లనో, నొప్పి పుడుతుందన్న భయం వల్లనో ఆసుపత్రికి వెళ్లడం ఏళ్ల తరబడి వాయిదా వేసేవారికి ఇది పెద్ద వెసులుబాటు.

అయితే, నమూనాను సరిగ్గా తీశామో లేదో అన్న సందేహం వారిలో చాలామందిని వేధిస్తుంది. ఈ పరీక్ష వెతికేది వైరస్ డీఎన్‌ఏను కాబట్టి, చివర మెత్తగా ఉండే పుల్లను యోనిలోకి కొన్ని సెంటీమీటర్లు పోనిచ్చి, సూచించినంత సేపు గుండ్రంగా తిప్పి తీస్తే సరిపోతుంది. అది గర్భాశయ ముఖద్వారాన్ని తాకనవసరం లేదు. డీఎన్‌ఏను ఎన్నో రెట్లు పెంచి గుర్తించే పీసీఆర్ పద్ధతిలో పరీక్షిస్తే, ఈ నమూనాలు వైద్యులు తీసినవాటికి దాదాపు సమానమైన ఫలితాలనే ఇస్తాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 మార్గదర్శకాలు కూడా వీటిని అనుమతించాయి. కణాలను పరిశీలించే పాప్ పరీక్షకు మాత్రం ఇవి పనికిరావు.

నా దృష్టిలో అసలు చిక్కు ఆ తర్వాతే ఎదురవుతుంది. వైరస్ ఉందని తేలినవారు తదుపరి పరీక్షలకు వైద్యుల వద్దకు వెళ్లక తప్పదు. ఆ సంగతి ముందే వివరించకపోతే, ఏ బిడియం వల్ల ఈ పద్ధతిని ఎంచుకున్నారో ఆ బిడియమే వారిని అక్కడ ఆపేయవచ్చు.