మెకానికల్ చదవాలనుకునే పిల్లలకి హైస్కూల్లోనే కాలేజీ కోర్సులు: మావాడి అనుభవం

మీ పాప పదో తరగతి, ఇక్కడే సియాటిల్ దగ్గర, మెకానికల్ అంటోంది, రన్నింగ్ స్టార్ట్‌లో పెట్టాలా, ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, హైస్కూల్లోనే చెప్పే కాలేజీ స్థాయి) కోర్సులు చాలా అని అడిగారు కదా. కళ్లు మూసుకుని రన్నింగ్ స్టార్ట్‌లో పెట్టండి. కాకపోతే క్రెడిట్లు పోగేయడానికి మాత్రం కాదు. వాషింగ్టన్ రాష్ట్రం 1990లో చట్టం చేసి పెట్టిన ప్రోగ్రామ్ ఇది, 11, 12 క్లాసుల పిల్లలు కమ్యూనిటీ కాలేజీలో (రెండేళ్ల చదువుల ప్రభుత్వ కాలేజీ) కోర్సులు చదవొచ్చు, ట్యూషన్ ఫీజు ఉండదు, మిగతా ఫీజులూ పుస్తకాలూ మనవే.

మెకానికల్‌లో కథంతా వరసలోనే ఉంది. కాల్క్యులస్ లేకుండా ఇంజినీరింగ్ ఫిజిక్స్ లేదు, అది లేకుండా స్టాటిక్స్ (కదలకుండా నిలబడ్డ వాటి మీద పడే బలాల లెక్క) లేదు, స్టాటిక్స్ అవ్వందే మెకానిక్స్ ఆఫ్ మెటీరియల్స్ (బరువు పడితే అవి ఎంత సాగుతాయో, వంగుతాయో చెప్పే కోర్సు) ముట్టుకోనివ్వరు. మన వాట్సాప్ గ్రూపుల్లో "మావాడికి 90 క్రెడిట్లు వచ్చేశాయి" అని మెసేజ్‌లు, తీరా చూస్తే సైకాలజీ, మ్యూజిక్ అప్రీసియేషన్, ఆ వరసలో ఒక్క మెట్టూ ఎక్కలేదు, అలాంటప్పుడు యూనివర్సిటీలో మళ్లీ నాలుగేళ్లూ పడుతుంది. ఏపీ ఫిజిక్స్ సి మంచిదే, కానీ ఏపీలో స్టాటిక్స్ అనే కోర్సే లేదు.

మావాడు రన్నింగ్ స్టార్ట్‌లో స్టాటిక్స్ చదివిన క్వార్టర్‌లో (అక్కడ టర్మ్‌ని అలా అంటారు) ఓ సాయంత్రం కాలేజీ నుంచి తీసుకురావడానికి వెళ్తే లైబ్రరీలో ట్రస్ (కడ్డీలు కలిపి కట్టిన చట్రం) లెక్క ముందేసుకుని కూర్చున్నాడు, పక్కన నలభై దాటిన ఒకాయన, విమానాల ఫ్యాక్టరీలో మెషినిస్టట, డ్యూటీ దిగి నేరుగా వచ్చాడు, గోళ్ల సందుల్లో ఇంకా గ్రీజు. మావాడు ఒక్కో జాయింట్ దగ్గరా ఫోర్సులు లెక్కేసుకుంటూ పోయి ఒక మెంబర్‌కి, అంటే ఒక కడ్డీకి, మైనస్ రాగానే తప్పొచ్చిందని రబ్బరు తీశాడు. ఆయన ఆపి, సన్నటి స్టీలు స్కేలు రెండు చివర్లూ పట్టుకుని లోపలికి నొక్కాడు, టక్కున వంగింది. లాగితే ఏమీ కాలేదు. నీ మైనస్ ఇదే, ఈ మెంబర్ మీద నొక్కుడు పడుతోంది, సన్నగా పెడితే ముందు వంగేది ఇదే అన్నాడు. హైస్కూల్ క్లాసులో మావాడి పక్కన అలాంటి మనిషి ఎక్కడ కూర్చుంటాడు చెప్పండి.

నేను కాకినాడలో బీటెక్ చేసేటప్పుడు పాలిటెక్నిక్ చదివి ఈసెట్ రాసి రెండో సంవత్సరంలోకి వచ్చినవాళ్లకే లేత్ మీద చెయ్యి తిరిగేది, వాళ్లనే డిప్లొమా బ్యాచ్ అని చిన్నచూపు చూసేవాళ్లు. అది తలుచుకుంటే ఇప్పటికీ మంటే. ఇక్కడ కమ్యూనిటీ కాలేజీ అనగానే మనవాళ్లు పెట్టే మొహం కూడా అదే.

రెండు సంగతులు. ఈ గ్రేడ్లు కాలేజీ ట్రాన్‌స్క్రిప్ట్ (మార్కుల పత్రం) మీద శాశ్వతంగా ఉంటాయి, పైగా పాపకి పదహారేళ్లే అయినా తను రాసిస్తే తప్ప కాలేజీ వాళ్లు మీకు గ్రేడ్లు చెప్పరు, చట్టం ప్రకారం ఆ హక్కు తనదే. అందుకని తనకే ఇష్టం ఉండాలి. పదో తరగతి అయ్యేలోపు ప్రీకాల్క్యులస్ పూర్తి చేయించండి, 11 మొదటి క్వార్టర్‌లోనే కాల్క్యులస్ ఎక్కాలి. యూడబ్ల్యూ (యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్) వాళ్ల ఈక్వివలెన్సీ గైడ్‌లో కమ్యూనిటీ కాలేజీ కోర్సుల్లో ఏది వాళ్ల ఏ కోర్సుకి సమానమో ఉంటుంది, రిజిస్టర్ చేసే ముందు చూడండి. బయటి రాష్ట్రం ఆలోచన ఉంటే ఆ యూనివర్సిటీకి ఇప్పుడే మెయిల్ పెట్టి అడగండి, ప్రతి కోర్సు సిలబస్ కాపీ దాచుకోండి, తర్వాత అడుగుతారు.