ముందు ఆ గొట్టం కట్టెయ్

తమ్ముడికి,

నీ కథ అందింది. మొదటి పేరాలోనే చైనా యుద్ధప్రభువు ఫెంగ్ యూషియాంగ్ తన సిపాయిలను బారులు తీర్చి, ఫైరింజన్ గొట్టంతో నీళ్లు చిమ్మించి, అందరికీ ఒక్కసారే బాప్తిస్మం ఇప్పించేశాడు. అక్కడే కాగితాలు పక్కన పడేసి లేచిపోయాను. ఆ గొట్టం కథ ఎన్నాళ్లుగానో చేతులు మారుతోంది. కళ్లారా చూశానన్నవాడు నా చదువులో ఇంతవరకూ తగల్లేదు. ‘క్రైస్తవ సేనాని’ అనగానే అందరూ పట్టుకునేది అదే. నువ్వూ పట్టుకున్నావు.

మూడో పేజీలో రెండు వాక్యాల్లో తేల్చేసిన సంగతుంది చూడు, అదీ కథ. ఫెంగ్ తండ్రి సిపాయి, ఇంట్లో నల్లమందు అలవాటు, పూట గడవదు. పటాలంలో ఒక ఖాళీ పడింది. ఫెంగ్ గారబ్బాయి ఉన్నాడని తెలుసుగానీ పేరు తెలీదు. కనుక్కొచ్చేలోగా ఇంకొకడు తన్నుకుపోతాడని అధికారి ‘యూషియాంగ్’ అని తోచిన పేరు రాసేశాడు. పదేళ్లు దాటీ దాటని పిల్లవాడికి జీతాల పట్టీ పెట్టిన పేరది. ఆ ఘట్టం చదివి కాసేపు ఊరుకుండిపోయాను. ఎందుకు పరిగెత్తించావు?

యుద్ధప్రభువుల మీద రాసేవాడు ముందు తెరవాల్సింది జీతాల పుస్తకం. 1922 చివర్లో ఫెంగ్‌ను హెనాన్ నుంచి కదిల్చి బీజింగ్ పక్కన నాన్‌యువాన్‌లో కూర్చోబెట్టారు. హోదా ఘనం, పన్ను వసూలుకు చారెడు నేల లేదు. పటాలం నిండా బకాయిలు. తన పైసేనాని వూ పెయ్‌ఫూ తరఫున మంచూరియా యుద్ధప్రభువు జాంగ్ జువోలిన్ మీదికి పొమ్మంటే గుబెయ్‌కోవ్ కనుమ దాకా పోయి వెనక్కి తిరిగాడు. 1924 అక్టోబరు 23న రాజధాని అతనిది, అధ్యక్షుడు త్సావ్ కున్ నిర్బంధంలో. నవంబరు 5న మాజీ చక్రవర్తి పూయీని రాజకోటలోంచి గెంటేశారు. దీనికి నువ్వు రాసిందేమిటి? రెండు పేజీల అంతర్మథనం, పైన వాన. ఈమధ్య ఏ కథ పిండినా నీళ్లే.

నేను గుమాస్తాగా జీతాల బిల్లులు రాసే రోజుల్లో, బిల్లు వెనక్కొచ్చిన నెల మా బంట్రోతు నమస్కారం పెట్టేవాడుగానీ బీడీ ఆర్పేవాడు కాదు. అది కథలో రాస్తే ఓ సంపాదకుడు, ‘లెక్కల గొడవ పాఠకుడికెందుకండీ’ అని కోసేసి, నేను రాయని వెన్నెల కురిపించాడు. సంకలనంలో ఇప్పటికీ ఆ వెన్నెలే ఉంది. ఆయనకు సన్మానాలు కూడా జరిగాయి.

1948లో నల్లసముద్రంలో ఓడకు నిప్పంటుకుని ఫెంగ్ చనిపోవడాన్ని ‘నీళ్లతో మొదలై నిప్పుతో ముగిసెను’ అన్నావు. కొట్టెయ్.

1929 నీ కథలో లేనే లేదు. హాన్ ఫూజు, షీ యౌసాన్ ఇద్దరూ ఫెంగ్ చేతికింద ఎదిగిన సేనానులే. అతను సిపాయిలకు అక్షరాలు దిద్దించాడు, చేతిపనులు నేర్పాడు, మందు మాన్పించాడు, కీర్తనలు పాడించాడు. ఆ ఏడు వాయవ్య చైనా కరువుతో మాడుతోంది. ఫెంగ్‌కు ఎదురు నిలిచిన జాతీయ ప్రభుత్వ నేత చియాంగ్ కైషేక్ వెనక షాంఘై సొమ్ముంది. ఇద్దరూ చియాంగ్ వైపు దూకారు. మరుసటేడు చియాంగ్‌తో జరిగిన పెద్ద యుద్ధంలో ఫెంగ్ సైన్యమే మిగల్లేదు.

అక్కణ్ణుంచి తిరగరాయి, హాన్ ఫూజు వైపునుంచి. అతను దండులో వంటవాడితో మాట్లాడే సీనొకటి పెట్టు. కుండలో ఏముందో నాకు కనబడాలి. రాశాక పంపు, ఈసారి కాగితానికి ఒకవైపే రాసి.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య