నలభయ్యో రోజుకి కొందరిని దాచిపెట్టు

విజయవాడ,
మంగళవారం రాత్రి

బాబూ,

ఆదివారం నువ్వు ఫోన్ చేసినప్పుడు నీ గొంతు గుర్తుపట్టలేకపోయాను. మీ జట్టంతా బైకుల మీద వెళ్తుంటే, శ్రీశైలం రోడ్డులో మన్ననూరు దాటాక, అడవి మలుపులో ఎదురుగా వచ్చిన కారు గీత దాటి మీ స్నేహితుణ్ని కొట్టిందన్నావు. ప్రాణానికి భయం లేదని డాక్టర్లు చెప్పినట్టు ఇవాళ నీ మెసేజ్ చూశాక గానీ నాకు అన్నం లోపలికి పోలేదు.

ముందు ఒక మాట. ఆ రోడ్డు మీద మీరు చేసినవన్నీ సరిగ్గా చేశారు. సిగ్నల్ అందని చోట ఇద్దర్ని వెనక్కి పంపి 108కి కబురు చేయించారు. హెల్మెట్ లాగెయ్యకుండా ఒకడు తల కదలనివ్వకుండా పట్టుకు కూర్చున్నాడు. నీళ్లు తాగించలేదు. వాడు ఊపిరి తీసుకుంటున్నాడా లేదా అని చూస్తూనే ఉన్నారు. ఈ సంగతి నీ కుర్రాళ్లందరికీ నువ్వు నోటితో చెప్పాలి. ఇప్పుడు ఒక్కొక్కడూ ఇంకేం చేసి ఉండాల్సిందోనని లోపల్లోపల తవ్వుకుంటూ ఉంటాడు.

"ఇప్పుడు మేమేం చెయ్యాలి బాబాయ్" అని అడిగావు. ఫోన్లో చెబితే సగం మర్చిపోతావు, అందుకే రాస్తున్నాను.

2004లో చిలకలూరిపేట దగ్గర లారీ తగిలి నేను పడ్డాను. రెండు ఆపరేషన్లు, పద్నాలుగు నెలలు. మొదటి వారం ఆస్పత్రి వరండాలో మనవాళ్లు ముప్ఫై మంది ఉండేవారు. తెచ్చిన యాపిల్ పళ్లు తినేవాళ్లు లేక కుళ్లిపోయాయి. ఇంటికొచ్చిన నలభయ్యో రోజున చూసుకుంటే నేనూ, తిరుగుతున్న ఫ్యానూ, బెడ్‌పాన్ ఎత్తి ఎత్తి నడుం పట్టేసిన మా ఆవిడా మిగిలాం. ఎవరిదీ తప్పు కాదు. అందరికీ ఉద్యోగాలున్నాయి. మొదటి వారంలోనే అందరూ సెలవులూ డబ్బులూ ఓపికా ఖర్చుపెట్టేశారు, అంతే. ఒక్కడు మాత్రం ప్రతి గురువారం డ్యూటీ దిగి సాయంత్రం వచ్చేవాడు. పేపర్ చదివి వినిపించేవాడు, కాలిగోళ్లు తీసేవాడు, ఆ గంటసేపు మా ఆవిడ గుడికి వెళ్లొచ్చేది. ఇరవై ఏళ్లు దాటినా గురువారం అంటే నాకు వాడే గుర్తొస్తాడు.

కాబట్టి నువ్వు వెంటనే చెయ్యాల్సిన పని ఆస్పత్రి దగ్గర కూర్చున్న నలభై మందిలో ముప్ఫై ఆరుగుర్ని ఇంటికి పంపడం. ఐసీయూలోకి ఎటూ ఒక్కరినే వదులుతారు. రోజుకి ఇద్దరు, పగలొకరు రాత్రొకరు చాలు. మిగతా వాళ్ల పేర్లు కాగితం మీద రాసి మూడో వారం నుంచి ఆరో నెల దాకా పంచు. వారం, రోజు, ఎవరు. కొంచెం కటువుగా అనిపిస్తుంది, కొందరు నొచ్చుకుంటారు కూడా. నొచ్చుకోనీ.

రక్తం విషయంలోనూ ఇదే లెక్క. ఒకేరోజు ఇరవై మంది చెయ్యి చాచి ఇచ్చేస్తే మగవాళ్లు మళ్లీ 90 రోజుల దాకా, ఆడవాళ్లు 120 రోజుల దాకా ఇవ్వడానికి లేదు. వాడి విరిగిన కాలికి ఇంకా ఆపరేషన్లు ఉంటాయి. ఆస్పత్రి ఎన్ని యూనిట్లు అడిగిందో అంతమందినే పంపు, మిగతావాళ్లని ఆపు.

కాగితాల పని ఒక్క మనిషికే అప్పజెప్పు. నీకు కాదు. నువ్వు ఫోన్లు ఎత్తడానికే సరిపోతావు. మీలో ఓపిగ్గా ఆఫీసుల చుట్టూ తిరగగలవాడు ఎవడో చూడు. వాడి సంచిలో ఉండాల్సినవి: ఎఫ్ఐఆర్ నకలు, ఆస్పత్రిలో రాసిన మెడికో లీగల్ కాగితం, గాయాల సర్టిఫికెట్, పంచనామా, బ్రేక్ ఇన్‌స్పెక్టర్ రిపోర్టు, వాడి లైసెన్సు, ఆర్సీ, ఇన్సూరెన్స్, ఆ కారు ఇన్సూరెన్స్ వివరాలు, మందుల బిల్లులు చీటీలతో సహా. మొదట తీసుకెళ్లిన చిన్నాస్పత్రి చీటీ కూడా. అది చాలామంది పారేస్తారు, తర్వాత దానికోసమే వెతుక్కుంటారు.

2025 మే నుంచి కేంద్రం తెచ్చిన పథకం ఒకటుంది. రోడ్డు ప్రమాదంలో దెబ్బతిన్నవాళ్లకి, పథకంలో చేరిన ఆస్పత్రిలో, ప్రమాదం జరిగిన రోజు నుంచి 7 రోజుల దాకా లక్షన్నర రూపాయల వరకు డబ్బు కట్టకుండా వైద్యం చెయ్యాలి. దానికి పోలీసుల నుంచి ధ్రువీకరణ వెళ్లాలి. రేపు పొద్దున్నే బిల్లింగ్ కౌంటర్లో గట్టిగా అడగండి, స్టేషన్‌కి కూడా ఫోన్ చేయించండి. ఇప్పటికే మూడోరోజు. వాళ్లకి ఆరోగ్యశ్రీ ఉందా, ఆఫీసు వాళ్ల ఇన్సూరెన్స్ ఉందా, అదీ రేపే కనుక్కోవాలి.

వాడి బండి పాలసీలో ఓనర్ డ్రైవర్‌కి వ్యక్తిగత ప్రమాద బీమా 15 లక్షలు ఉండొచ్చు. పాలసీ కాగితం తీసి చూడండి. దేవుడి దయవల్ల దాని అవసరం రాకపోవచ్చు. కానీ దెబ్బ తగిలిన ఆ చెయ్యి పూర్తిగా పోయిందని తేలితే అందులో సగం వచ్చే వీలుంటుంది, అందుకని చెబుతున్నాను. ఆ కారు బీమా మీద నష్టపరిహారం కోసం మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్లో ఆరు నెలల్లోపు దరఖాస్తు వెయ్యాలని చట్టం సవరించారు. ఇంటికొచ్చాక చూద్దాంలే అనుకుంటే ఆ ఆరు నెలలూ ఇట్టే కరిగిపోతాయి. ఇంకో సంగతి, ఆస్పత్రి వరండాలోకే వకాల్తా కాగితాలు పట్టుకుని కొందరు వస్తారు. వాడి భార్య, ఆ అమ్మాయి, ఏడుస్తున్నప్పుడు సంతకం పెట్టించుకుపోతారు. ఆవిడ పక్కన ఎవరో ఒకరు ఉండి, "ఇప్పుడు కాదండీ" అని పంపెయ్యాలి.

హెల్మెట్, జాకెట్, గ్లవ్స్ రక్తం కడక్కుండా సంచిలో పెట్టి దాచండి. మీలో ఎవరి హెల్మెట్ కెమెరాలోనైనా ఆ మలుపు రికార్డయ్యుంటే ఒరిజినల్ కార్డు పక్కన పెట్టి నకలు తీసుకోండి. బయట ఎక్కడా పెట్టొద్దు. అందులో మనవాడి తప్పు కొంత కనిపించినా సరే, తుడిచెయ్యొద్దు, ఒక్క ముక్క కత్తిరించొద్దు. పోలీసులకి ఉన్నది ఉన్నట్టు చెప్పండి. అబద్ధం ఒకటి కలిస్తే ఆ అమ్మాయి కేసు మొత్తం దానిమీదే పడిపోతుంది.

తన బండిలో వాణ్ని అచ్చంపేట దాకా మోసుకొచ్చిన ఆ వ్యాను డ్రైవరు ఉన్నాడే, అతన్ని సాక్షిగా ఉండమని ఒత్తిడి చెయ్యకండి. మోటారు వాహనాల చట్టంలో 134ఏ సెక్షన్ అలాంటి మనిషిని కాపాడ్డానికే చేర్చారు. పేరు చెప్పాలా వద్దా అనేది అతని ఇష్టం. ఫోటో తీసి అందరికీ పంచకండి. ఇద్దరు వెళ్లి, సీట్లకి అంటిన రక్తం కడిగించుకోడానికి డబ్బిచ్చి, దండం పెట్టి రండి.

ఇక డబ్బు. స్నేహాలు విరిగేది ఇక్కడే. వసూలు చేసేది నేరుగా ఆ అమ్మాయి ఖాతాకి వెళ్లాలి, నీ ఖాతాకి కాదు. ఎవరెంత ఇచ్చారో జాబితా వెయ్యొద్దు. మొత్తం ఎంత వచ్చింది, దేనికి ఎంత అయింది, ఒక నోటుపుస్తకంలో రాసి ప్రతి ఆదివారం ఆవిడకి చూపించండి. వచ్చినదాంట్లో సగం ముట్టుకోకుండా ఉంచమని చెప్పు. బయటికి కనిపించని ఖర్చు ఫిజియోథెరపీది. నెలల తరబడి వారానికి నాలుగైదుసార్లు. అప్పటికి దాతలెవరూ ఉండరు.

వాడి చెయ్యి గురించి నాకు దిగులుగా ఉంది. బండి మీంచి పడేటప్పుడు తల ఒకపక్కకి, భుజం ఒకపక్కకి లాగినట్టయితే మెడ దగ్గర నరాల గుత్తి సాగిపోతుంది, ఒక్కోసారి తెగిపోతుంది. డాక్టర్లు దాన్ని బ్రేకియల్ ప్లెక్సస్ అంటారు. ఎముకల హడావిడిలో దాన్ని తర్వాత చూద్దామంటారు. సాగిన నరమైతే చాలావరకు తనంతట తానే కోలుకుంటుంది. తెగిన నరమైతే మూడు నుంచి ఆరు నెలల్లోపు ఆపరేషన్ చేస్తేనే ఫలితం బాగుంటుంది. ఆలస్యమైతే కండ చచ్చిపోతుంది. ఆరు వారాలకి కూడా భుజం, మోచెయ్యి కదలకపోతే నరాల సర్జరీ చేసే వాళ్ల దగ్గరికి తీసుకెళ్లమని ఇప్పుడే క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకో. మన పాత మిత్రుడొకడు ఏడాది ఆగి వెళ్లాడు. ఇప్పటికీ ఎడంచేత్తోనే అన్నం తింటాడు.

కాలి సంగతి. ఊరినుంచి పెద్దవాళ్లొచ్చి పుత్తూరు కట్టు కట్టిద్దామంటారు. వాళ్ల నమ్మకాన్ని ఎగతాళి చెయ్యొద్దు. కానీ ఎముక బయటికొచ్చిన గాయం మీద కట్టు కడితే లోపల చీము పట్టి కాలికే ఎసరు వస్తుంది. ఆ మాట వాళ్లకి డాక్టరు నోటితోనే చెప్పించండి. ఇంకోటి, స్నేహం కొద్దీ వాడికి సిగరెట్ ఇవ్వొద్దు. పొగ తాగేవాళ్లకి ఆ ఎముక అతుక్కోవడం బాగా ఆలస్యమవుతుంది, ఒక్కోసారి అతుక్కోనే అతుక్కోదు. మీలో తాగేవాళ్లు వాడి ఇంట్లో అడుగు పెట్టినంతసేపు జేబులో పెట్టె కూడా ఉంచుకోవద్దు.

డిశ్చార్జికి వారం ముందే ఇద్దరు వాళ్లింటికి వెళ్లి చూసి రండి. మొదటి అంతస్తన్నావు కదా, లిఫ్టు ఉందా? బాత్రూములో ఇండియన్ టాయిలెట్ అయితే కమోడ్ కుర్చీ కొనాలి. మంచం ఎత్తు, తలుపు వెడల్పు కొలవండి. ఆస్పత్రి మంచం అద్దెకి దొరుకుతుంది. ఎక్కువ రోజులు పడుకోవాల్సొస్తే వీపున పుండ్లు పడకుండా గాలి పరుపు వెయ్యాలి, రెండు గంటలకోసారి పక్కకి తిప్పాలి. ఎలా తిప్పాలో నర్సమ్మని అడిగి మీలో నలుగురు నేర్చుకోండి.

వాళ్లమ్మ నిన్ను తిడుతుంది. "మీరే తీసుకెళ్లి నా కొడుకుని ఇలా చేశారు" అంటుంది. మారు మాట్లాడొద్దు. ఎదుటి కారుదే తప్పని ఆవిడకి వివరించొద్దు. తలొంచుకుని విను, మర్నాడు మళ్లీ కాఫీ ఫ్లాస్కుతో వెళ్లు. మా అమ్మ మా జట్టు వాళ్లతో ఎనిమిది నెలలు మాట్లాడలేదు.

ఆ అమ్మాయిని "ఏమైనా కావాలంటే చెప్పండి" అని అడగకండి. ఏ ఆడపిల్లా నోరు తెరిచి చెప్పదు. పాపని బడికి ఎవరు దింపుతున్నారు, గ్యాస్ బుక్ చేశారా, కరెంటు బిల్లు కట్టారా, ఆవిడకి సెలవులెన్ని మిగిలాయి, చూసి మీరే చెయ్యండి. మీ గుంపులో ఉన్న ఆడపిల్లలిద్దరినీ వంటకి పంపి ఊరుకోకండి. వంట మీకూ వచ్చు.

వెనక స్వీప్‌లో, అంటే అందరికన్నా చివరి బండి మీద వస్తూ మొత్తం కళ్లారా చూసిన కుర్రాడు సరిగ్గా తినడం లేదన్నావు. నాకు వాడి మీదే ఎక్కువ మనసుంది. దెబ్బ తగలనివాడి గాయం ఎవరికీ కనబడదు. వాణ్ని ఒంటరిగా ఉండనివ్వొద్దు, నువ్వు వెళ్లి పక్కన కూర్చో. చెప్పిందే పదిసార్లు చెప్పినా విను. రెండు మూడు వారాలైనా నిద్రపట్టకపోతే, అదే దృశ్యం కళ్లముందు తిరుగుతుంటే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లు. 14416కి ఫోన్ చేస్తే టెలిమానస్ వాళ్లు, మనసు బాధలు వినే ప్రభుత్వ హెల్ప్‌లైన్ వాళ్లు, తెలుగులోనే మాట్లాడతారు. ఆలోగా ఏదైనా చిన్న పని వాడి చేతిలో పెట్టు. కాగితాల సంచి వాడికే ఇవ్వొచ్చేమో ఆలోచించు.

నీ సంగతీ అంతే. అందరికన్నా ముందు లీడ్‌లో ఉన్నది నువ్వు. ఆ మలుపులోకి ఎంత వేగంతో వెళ్లామని నువ్వు రాత్రిళ్లు లెక్క వేసుకుంటున్నావని నాకు తెలుసు. ఆ లెక్క వెయ్యాల్సిందే, కానీ ఒక్కడివే కూర్చుని కాదు. నెల తర్వాత, వాడు కూర్చోగలిగే స్థితికొచ్చాక, అందరూ ఒకచోట చేరి మాట్లాడుకోండి. ఎంత దూరం ఉంచాం, కొత్తవాళ్లని మధ్యలో పెట్టామా, మలుపుకి ముందు ఎవరైనా ఓవర్‌టేక్ చేశారా. ఎవర్నీ దోషిగా నిలబెట్టకుండా, ఏదీ దాచకుండా. అందాకా గుంపుగా రైడ్ వద్దు. ఒక నెల ఆదివారాలు పోతే ఎవరికీ ఏం కాదు.

వాడి బండి ఇంకా స్టేషన్ ఆవరణలోనే ఉంది కదా. బ్రేక్ ఇన్‌స్పెక్టరు చూసి, ఇన్సూరెన్స్ సర్వేయరు ఫోటోలు తీసేదాకా దాన్ని ముట్టుకోవద్దు. విడిపించాక బ్యాటరీ తీగ ఊడదీసి, గుడ్డ కప్పి మీలో ఎవరింట్లోనైనా పెట్టండి. వాళ్లింటి కింద మాత్రం పెట్టొద్దు. ఆ అమ్మాయి రోజూ మెట్లు దిగుతూ దాన్ని చూడకూడదు. బాగుచేయించాలా అమ్మేయాలా అనేది వాళ్లిద్దరూ తేల్చుకుంటారు. "మళ్లీ ఎప్పుడు ఎక్కుతావ్ రా" అని ఒక్కడు కూడా అడగకూడదు, హుషారు కోసమైనా సరే. నేను మళ్లీ ఎక్కడానికి మూడేళ్లు పట్టింది. నాతోపాటు పడ్డవాడు మళ్లీ ఎక్కనేలేదు. అయినా ప్రతి ఆదివారం టిఫిన్‌కి వాణ్ని పిలుస్తూనే ఉన్నాం, వాడు కారులో వస్తూనే ఉన్నాడు.

గురువారం పొద్దున బస్సులో బయల్దేరుతున్నాను, మధ్యాహ్నానికి దిగుతాను. నాకోసం హైదరాబాద్ ఎంజీబీఎస్ బస్టాండుకి ఎవర్నీ పంపొద్దు. పాపని బడి నుంచి తెచ్చే వేళ అది, ఉన్న మనిషిని అక్కడికి పంపు. ఆటోలో నేనే ఆస్పత్రికి వస్తాను. ఆ రాత్రి కాపలా నాకు రాసుకో.

మీ బాబాయ్