తుప్పు పట్టిన పెట్రోలు ట్యాంకుకు లోపల పూత పూయించవచ్చా?

పాత కారు పెట్రోలు ట్యాంకు లోపల తుప్పు పట్టిందని, దానిని కడిగించి లోపల సీలర్ పూత పూయిస్తే సరిపోతుందా అని అడిగారు. కడిగించండి, రేకుకు చిల్లులు లేకపోతే పూత జోలికి మాత్రం వెళ్లకండి. ఆ పూత వల్ల ఏడాదిపాటు ఇబ్బంది పడినవాడిగా ఈ మాట చెబుతున్నాను.

నేను కారు కొనేనాటికే దాని ట్యాంకుకు ఎవరో పూత పూయించి ఉన్నారు. బండి ఉదయం చక్కగా స్టార్టయ్యేది, ఇరవై నిమిషాలు నడిచాక ఊపిరాడనట్లు కొట్టుకుని ఆగిపోయేది, కాసేపు వదిలేస్తే మళ్లీ మామూలుగా నడిచేది. ముగ్గురు మెకానిక్కులు కలిసి రెండు పంపులు మార్చారు, కార్బ్యురేటర్‌ను మూడుసార్లు విప్పారు. ట్యాంకు లోపల ఏముందో చూద్దామన్న ఆలోచన ఒక్కరికీ రాలేదు. పెట్రోలు లోపం అనగానే పంపు మార్చే ఈ అలవాటు ఎప్పటికి పోతుందో తెలియదు. చివరికి నేనే ట్యాంకు దించి, ఖాళీ చేసి, బాగా గాలి ఆడనిచ్చి, గేజి ఫ్లోటు బిగించే రంధ్రంలోంచి చూస్తే, పాము కుబుసంలాంటి పొర ఒకటి అడుగు నుంచి లేచి పెట్రోలు పీల్చే గొట్టం పక్కనే వేలాడుతూ కనిపించింది. పొడవాటి పట్టకారుతో లాగితే అరచేయంత ముక్క ఊడివచ్చింది. దాని వెనుకవైపంతా ఎర్రటి తుప్పు పొడి అంటుకుని ఉంది. అంటే ఆ పూత పట్టుకున్నది రేకును కాదు, తుప్పును. పంపు పీలుస్తున్నంతసేపూ ఆ పొర గొట్టం మూతికి అడ్డుపడేది, ఇంజను ఆగగానే వదిలేసేది.

కడిగే ముందు ఒక్క విషయం గట్టిగా గుర్తుంచుకోండి. నిండు ట్యాంకు కంటే ఖాళీ ట్యాంకే ప్రమాదకరం, ఎందుకంటే గాలిలో పెట్రోలు ఆవిరి సుమారు 1.4 నుంచి 7.6 శాతం మధ్య ఉన్నప్పుడు చిన్న నిప్పురవ్వ తగిలినా పేలుతుంది, పైగా ఆ ఆవిరి గాలికంటే బరువు కనుక లోపలే నిలిచిపోతుంది. అందువల్ల సబ్బునీళ్లతో రెండు మూడుసార్లు కడిగి, వాసన పూర్తిగా పోయాకే మిగతా పని మొదలుపెట్టాలి.

పెచ్చులు కట్టిన తుప్పు రాలడానికి నేను గుప్పెడు నట్లు లెక్కపెట్టి లోపల వేసి, ట్యాంకును అటూ ఇటూ పొర్లించాను. లెక్కపెట్టడం ఎందుకంటే చివర ఒక్కటి మిగిలినా అది లోపలే గలగలమంటూ ఉంటుంది. ఆ తరువాత పది లీటర్ల వేడినీళ్లకు అరకిలో చొప్పున నిమ్మ ఉప్పు కలిపి, ట్యాంకును అంచుల దాకా నింపి, వాయువు బయటికి పోయేలా మూత బిగించకుండా ఒక రోజు ఉంచాను. బాత్‌రూము కడిగే యాసిడ్ పోస్తే గంటలో పని అయిపోతుందని సలహా ఇచ్చేవారు చాలామంది ఉన్నారు. ఆ యాసిడ్ తుప్పుతో ఆగదు, అసలే పలచబడిన రేకును కూడా తినేస్తుంది. దయచేసి ఆ మాట వినకండి.

అసలు కష్టమంతా ఆరబెట్టడంలో ఉంది. మొదటిసారి నిమ్మ ఉప్పు నీరు పారబోసి, వంటసోడా నీళ్లతో కడిగి, బోర్లించి పదిహేను నిమిషాలు అలా వెళ్లి వచ్చేసరికి, బూడిదరంగులో మెరిసిన రేకు మీద నారింజరంగు తుప్పు మళ్లీ పరుచుకుంది. మొత్తం పని మొదటి నుంచి చేయవలసి వచ్చింది. రెండోసారి బ్లోయరు ముందే సిద్ధం చేసుకుని, నీరు పారబోసిన క్షణం నుంచి ఒక రంధ్రంలోంచి వేడిగాలి కొట్టి, పూర్తిగా ఆరాక కాస్త ఇంజనాయిలు పోసి గోడలన్నిటికీ తగిలేలా తిప్పాను. ఇక పూత అవసరమే రాలేదు.

తుప్పు మళ్లీ రాకుండా ఉండాలంటే ట్యాంకును నెలల తరబడి సగం ఖాళీగా వదలకండి. ఖాళీ భాగంలోని తేమ నీరై పెట్రోలు అడుగుకు దిగుతుంది, ఇథనాల్ కలిసిన పెట్రోలు ఆ తేమను మరింత పీల్చుకుంటుంది. లైనులో లోపలికి కనిపించే ఫిల్టరు ఒకటి పెట్టించండి. నాకు మొదటి ఫిల్టరులో వారం తిరగకుండానే గోధుమరంగు మడ్డి చేరింది, మార్చేశాను. రెండోది ఇప్పటికీ తేటగా ఉంది.