షింగిల్స్ పనికి కాయిల్ నెయిలర్: ముందు చూడాల్సింది మేకు లోతు

ఆస్ఫాల్ట్ షింగిల్స్ (ఇంటి కప్పు మీద పరిచే తారు పలకలు) వేయడానికి ఎలాంటి కాయిల్ నెయిలర్ (చుట్టగా ఉన్న మేకుల్ని గాలి ప్రెషర్‌తో కొట్టే గన్) కొనాలి, ప్రెషర్ ఎంత పెట్టాలి అని అడిగారు. చాలా ఏళ్లుగా కప్పుల పనిలోనే ఉన్నాను కాబట్టి నాకు తెలిసింది చెబుతాను.

బరువు, ధర తర్వాత. మేకు ఎంత లోతు దిగాలో చేత్తోనే తిప్పి మార్చుకునే ఏర్పాటు గన్‌కి ఉందో లేదో ముందు చూడండి. బోస్టిచ్, మకీటా లాంటి కంపెనీల రూఫింగ్ మోడల్స్‌లో ఇది ఉంటుంది. ఇంటి గోడల బయట పలకలు బిగించే సైడింగ్ కాయిల్ నెయిలర్ చూడటానికి ఇలాగే ఉంటుంది, పొరపాటున అది తెచ్చుకోకండి. దాని మేకుల తలలు చిన్నవి, షింగిల్‌ని పట్టి ఉంచలేవు. రూఫింగ్ మేకు తల సుమారు 3/8 అంగుళం వెడల్పు ఉంటుంది.

ఈ గన్‌లు ఎక్కువగా 70 నుంచి 120 పీఎస్ఐ (గాలి ప్రెషర్ కొలత) మధ్య పనిచేస్తాయి. నేనైతే 90 దగ్గర మొదలుపెట్టి, పనికిరాని షింగిల్ ముక్క మీద కొన్ని కొట్టి చూస్తాను. మేకు తల మీద వేలితో అడ్డంగా రుద్ది చూడండి. తల షింగిల్‌తో సమంగా ఉండాలి. వేలికి తగిలిందంటే సరిగా దిగలేదు. తల చుట్టూ షింగిల్ తెగి గుంట పడితే మరీ లోపలికి పోయింది, గట్టి గాలి వస్తే ఆ షింగిల్ మేకుని వదిలేసి లేచిపోతుంది. ఒక పక్క మాత్రమే నెలవంకలా తెగితే ప్రెషర్ తప్పు కాదు, గన్ వంచి పట్టుకున్నారన్నమాట.

పొద్దున పెట్టిన సెట్టింగ్ మధ్యాహ్నానికి పనికిరాదు. ఎండకి షింగిల్ మెత్తబడి, అదే దెబ్బకి మేకు ఇంకా లోపలికి దిగుతుంది. భోజనం చేసి మళ్లీ కప్పెక్కినప్పుడు ఇంకోసారి చూసుకోవాల్సిందే. కంప్రెసర్ నుంచి గాలి తెచ్చే హోస్ మరీ పొడవైతే గన్ దగ్గరికి వచ్చేసరికి ప్రెషర్ తగ్గుతుంది, అందుకే లోపలి వెడల్పు 3/8 అంగుళం ఉన్న హోస్ మంచిది.

కాయిల్‌కి 120 మేకులు. షింగిల్‌కి నాలుగు చొప్పున 30 షింగిల్స్‌కి సరిపోతాయి. గాలి ఎక్కువగా ఉండే చోట ఆరు కొట్టాలి. మేకు పొడవు మారిస్తే మేకుల చుట్ట పెట్టే మ్యాగజైన్‌లోని ప్లేట్ ఎత్తు కూడా మార్చండి, లేకపోతే మేకులు మాటిమాటికీ ఇరుక్కుంటాయి. ఇరుక్కున్నది తీసేముందు హోస్ ఊడదీయడం మాత్రం మరవకండి.

ట్రిగ్గర్ విషయానికొస్తే, కొత్తవాళ్లు ఒక్కో మేకుకి ఒక్కోసారి నొక్కే సీక్వెన్షియల్ మోడ్‌లోనే పనిచేయాలి. ట్రిగ్గర్ నొక్కిపట్టి గన్ ముక్కు ఆనించుకుంటూ పోయే పద్ధతి వేగంగానే సాగుతుంది. కానీ వాలు కప్పు మీద కాలు జారితే ఆ ముక్కు దేనికి తగిలినా మేకు దిగిపోతుంది.

కింద ప్లైవుడ్ మందం ఎంతో, పాత షింగిల్స్ తీసేస్తున్నారో వాటి మీదే వేస్తున్నారో రాయండి, మేకు ఎంత పొడవు కావాలో చెబుతాను.