ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లలకు ఇంట్లో సైన్స్ ట్యూషన్ చెప్పడం ఎలా?

మీరు అడిగింది ఇదీ: బీఎస్సీ అయ్యింది, ఇంటి దగ్గర ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లలకు సైన్స్ చెబుదామనుకుంటున్నారు, సబ్జెక్టు వచ్చు కానీ చిన్నపిల్లలకు ఎలా చెప్పాలో తెలియడం లేదు.

మాది తణుకు. పక్కింటి పాపకు లెక్కలు చెప్పమంటే మొదలుపెట్టాను, తొమ్మిదేళ్లైంది. ఇప్పుడు సాయంత్రం రెండు బ్యాచ్‌లు, ఒక్కోదాంట్లో ఆరుగురు. ఏడో పిల్లను చేర్చుకున్నప్పుడల్లా ఎవరో ఒకరు వెనక కూర్చుని నిద్రపోతున్నారు, అందుకే ఆరు దాటనివ్వను.

మొదటి ఏడాది నేను చేసింది మాత్రం మీరు చేయకండి. ప్రతి పాఠానికీ చక్కగా నోట్స్ చెప్పి రాయించాను. పిల్లలు గడగడా అప్పజెప్పేవాళ్లు, తల్లులు మురిసిపోయేవాళ్లు, స్కూల్లో ఏడాది మధ్యలో పెట్టే ఫార్మేటివ్ పరీక్షల్లో మార్కులూ వచ్చాయి. ఒక సాయంత్రం ఏడో తరగతి కుర్రాడొకడు బాష్పీభవనం, అంటే నీళ్లు ఆవిరవడం, దాని నిర్వచనం ఇంగ్లీషులో ఒక్క ముక్క తప్పు లేకుండా చెప్పాడు. అప్పుడే మా అత్తగారు వరండా తుడిచి లోపలికెళ్లారు. ఊరికే అడిగాను, "ఒరేయ్, ఈ తడి కాసేపటికి ఏమైపోతుందిరా?" అని.

"నేల పీల్చేసుకుంటుంది మేడం."

మాది టైల్స్ వేసిన వరండా! వాణ్ని ఏమీ అనలేదు. రెండు స్టీలు కంచాలు తెచ్చి, ఒక్కోదాంట్లో ఒక చెంచా నీళ్లు పోసి, ఒకటి ఫ్యాను కింద, ఇంకొకటి గాలి ఆడని స్టోర్‌రూంలో పెట్టించాను. "మరి కంచం కూడా పీలుస్తుందా?" అన్నాను. ఫ్యాను కింద కంచం ముందు ఆరింది. వాడు దాన్ని తిరగేసి, నీళ్లు కిందికేమైనా దిగాయేమోనని అడుగుభాగం అరచేత్తో తడిమి చూశాడు. ఆ తడమడం చూశాక నాకు అర్థమైంది, అప్పటిదాకా వాడికి నేనేమీ చెప్పలేదని. మర్నాడు వాడే అడిగాడు, కుండలో నీళ్లు ఎందుకు చల్లబడతాయని. కుండ గోడల్లోంచి ఊరిన తడి ఆవిరవుతూ లోపలి నీళ్ల వేడిని పట్టుకుపోతుందని చెప్పడానికి రెండు నిమిషాలు కూడా పట్టలేదు.

అప్పటినుంచి ఏ పాఠమైనా ముందు నేను చెప్పను. ప్రశ్న వేసి, వాళ్లు ఏమనుకుంటున్నారో చెప్పమంటాను. తప్పయినా సరే దిద్దకుండా నోట్సులో వెనక పేజీలో రాయిస్తాను. తర్వాత చేసి చూస్తాం, ఆ తర్వాతే పుస్తకం తెరుస్తాం. ఆ తప్పు సమాధానాలే మీకు అసలు సిలబస్ అనుకోండి. పిల్లాడి బుర్రలో ఏముందో తెలియకుండా చెప్పే పాఠం దాని పక్కనే నిలబడుతుంది కానీ దాన్ని కదపదు.

భాష సంగతి కూడా చెప్పాలి. మా దగ్గరికి వచ్చేవాళ్లలో సగం మంది గవర్నమెంటు స్కూలు పిల్లలు. వాళ్ల పుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు. చాలామంది తెలుగు పేజీ వైపు చూడరు, అదేదో తక్కువైనట్టు. నేను ముందు దాన్నే చదివిస్తాను. 'కిరణజన్య సంయోగక్రియ' అనగానే పిల్లలు నవ్వుతారు, నోరు తిరగక. దాన్ని విడదీయమంటే అందులోనే పాఠం ఉంటుంది: కిరణాల వల్ల పుట్టేది, కలిపి తయారుచేసే పని. ఆ పూట ఫోటోసింథసిస్ స్పెల్లింగ్ కూడా తేలిగ్గా వచ్చేస్తుంది. అలాగని తెలుగు మాటలన్నీ సాఫీగా దిగుతాయని కాదు. ఒత్తిడి అంటే ఏమిటని అడిగితే ఒక అమ్మాయి "పరీక్షల ముందు వచ్చే టెన్షన్" అంది. నేనడిగింది ప్రెషర్ గురించి, పుస్తకంలో దాని మాట పీడనం. స్కూలు బ్యాగుకు పట్టీ బదులు సన్న తాడు కట్టి భుజానికి తగిలించి, అటు నుంచి ఇటు నడవమన్నాను. బరువు అంతే ఉంది, ఆనే చోటు తగ్గింది, భుజం మండింది. ఆ అమ్మాయి మళ్లీ టెన్షన్‌నూ పీడనాన్నీ కలిపేయలేదు.

ఇక పసుపు. ఆమ్లాలు, క్షారాల పాఠానికి ల్యాబ్ అక్కర్లేదు. కొత్త పెళ్లికూతురు గుమ్మంలోకి వచ్చేటప్పుడు దిష్టి తీసే ఎర్రనీళ్లు ఎలా చేస్తారో అడగండి. "పసుపు, సున్నం" అని సగం మంది చెబుతారు. పసుపు పచ్చన, సున్నం తెల్లన, మరి ఎరుపు ఎక్కడిది? అందరూ కలిపేది చూసినవాళ్లే, ఎవరికీ ఈ ప్రశ్న వచ్చి ఉండదు. సున్నం క్షారం కాబట్టి పసుపు ఎరుపు తిరుగుతుంది. అందులో నిమ్మకాయ పిండుతూ పోతే మళ్లీ పచ్చబడుతుంది, అప్పుడు చూడాలి వాళ్ల మొహాలు. ఇక్కడ ఒక చిక్కుంది. ఉత్త పసుపునీళ్లలో నిమ్మరసం వేస్తే రంగు మారదు, మంచినీళ్లు పోసినా మారదు. "అయితే నిమ్మరసం ఆమ్లం కాదు మేడం" అనేస్తారు. అందుకే మందార పువ్వులు వేడినీళ్లలో నానబెట్టిన రసం కూడా ఉంచుకోండి. నిమ్మరసానికి ముదురు గులాబీ, సబ్బునీళ్లకు ఆకుపచ్చ. సున్నం మాత్రం మీ చేతిలోనే ఉంచుకోండి, కంట్లో పడితే చాలా ప్రమాదం. తెల్ల చొక్కాలు వేసుకొచ్చిన రోజున ఈ పాఠం పెట్టకండి. నేను పెట్టాను. పసుపు పడ్డ చొక్కాను ఒక తల్లి సబ్బుతో ఉతికితే మరక ఎర్రబడింది. అది పట్టుకుని నేరుగా మా ఇంటికొచ్చారు. ఆవిడకూ పాఠం చెప్పాల్సి వచ్చింది, పెద్దగా వినలేదు.

తల్లిదండ్రుల ఒత్తిడి తప్పదు. "హోంవర్క్ చేయించండి చాలు, ఈ ఆటలెందుకు?" అంటారు. వాళ్లతో వాదించి లాభం లేదు. గంటన్నరలో చివరి అరగంట హోంవర్క్‌కు, స్కూల్లో ఇచ్చిన ప్రశ్నలకు వదిలేస్తాను. పరీక్షలకు వారం ముందు ప్రయోగాలన్నీ బంద్, రాతే. బతుకుతెరువు కదా, మార్కులు రాకపోతే వచ్చే నెల పిల్లాడే రాడు.

ఎనిమిదిలో ఫిజికల్ సైన్స్, బయాలజీ రెండు పుస్తకాలవుతాయి. ఏదైనా ఒకటి మీకు బలహీనమైతే మొదటి ఏడాది ఆరు, ఏడు తరగతులే తీసుకోండి. తెలియని ప్రశ్న వస్తే రేపు చూసి చెబుతాననండి, కానీ మర్నాడు తప్పకుండా చెప్పాలి. పిల్లలు మర్చిపోరు.

సామాన్ల గురించి ఎక్కువ ఆలోచించకండి. పిండిపదార్థం పరీక్షకు అయోడిన్ కావాలంటే మెడికల్ షాపులో బెటాడిన్ ద్రావణం తెచ్చి కాస్త నీళ్లు కలపండి, సరిపోతుంది. బంగాళదుంప ముక్క మీద అందరూ వేయిస్తారు. మీరు పచ్చి అరటికాయ మీద, బాగా ముగ్గిన అరటిపండు మీద ఒక్కో చుక్క వేయించండి. కాయ నల్లబడుతుంది, పండు పెద్దగా మారదు. ఎందుకో చెప్పకండి, పండు ఎందుకు తియ్యగా ఉంటుందని మాత్రం అడిగి ఊరుకోండి. ఆ ముక్కలు ఎవరూ తినకుండా అప్పటికప్పుడు చెత్తబుట్టలో పడేయండి, మా బ్యాచ్‌లో ఒకడు నోట్లో పెట్టుకోబోయాడు.