వీడియో పాతది, ఉబుంటు కొత్తది: అబ్బాయిని అనకండి

ప్రశ్న: మాది చిత్తూరు. మా వాడు తిరుపతిలో బీటెక్ సీఎస్ఈ రెండో సంవత్సరం. ల్యాప్‌టాప్‌లో విండోస్ లాంటి ఆపరేటింగ్ సిస్టమ్ ఉబుంటు 24.04 వేసుకున్నాడు. యూట్యూబ్‌లో చూపినట్టే కొట్టినా ఎర్రర్లే. నెలలో మూడుసార్లు ఫార్మాట్ చేశాడు. పక్కింటి పిల్లవాడు అప్పుడే ఇంటర్న్‌షిప్ చేస్తున్నాడు. సెలవుల్లో బెంగళూరు మారతహళ్లిలో 60 వేలు కట్టి డెవాప్స్ (సాఫ్ట్‌వేర్‌ను సర్వర్లలో పెట్టి నడిపే పని) కోర్సులో చేర్చాలా, ఇంట్లోనే నేర్చుకోమనాలా?

జవాబు: మీరు అడిగింది కోర్సు సంగతి. మీ భయమేమో వాడికి ఈ చదువు అబ్బదేమోనని. అబ్బుతుంది. మూడుసార్లు ఫార్మాట్ చేసి మళ్లీ కూర్చున్నవాడికి ఓపిక తక్కువేమీ కాదు.

24.04లో సాఫ్ట్‌వేర్ ఎక్కణ్నుంచి తెచ్చుకోవాలో రాసే చోటు మారింది. పాత సోర్సెస్.లిస్ట్ తెరిస్తే, వివరాలు ఉబుంటు.సోర్సెస్ ఫైలుకు వెళ్లాయని చెప్పే కామెంట్ తప్ప ఇంకేమీ ఉండదు. అది చదివితే సగం పని అయినట్టే, కానీ ఎవరూ చదవరు. ఫైలు ఖాళీ అయిపోయిందని హడలిపోయి, నెట్‌లో దొరికిన 22.04 లైన్లు అందులో అతికిస్తారు. వాటిలో 'జామీ' అని ఉంటుంది, 24.04 పేరేమో 'నోబుల్'. రెండూ కలిస్తే డిపెండెన్సీలు, అంటే ఒక ప్యాకేజీకి కావాల్సిన మిగతా ప్యాకేజీలు, కుదరవు. ఏమీ ఇన్‌స్టాల్ చేయకముందే ఆ లైన్లు తీసేసి, సాఫ్ట్‌వేర్ తెచ్చిపెట్టే ఏపీటీకి అప్‌డేట్ కమాండ్ కొడితే సరిపోతుంది, ఫార్మాట్ అక్కర్లేదు.

రెండోది కీల గొడవ. సాఫ్ట్‌వేర్ అసలైన చోటు నుంచే వచ్చిందని పోల్చుకునే తాళంచెవి లాంటిది కీ. పాత వీడియోల్లో ఏపీటీ-కీ అనే కమాండ్‌తో కీ చేర్చమంటారు. అలా చేర్చిన కీని ఏపీటీ అన్ని రిపోజిటరీలకూ (సాఫ్ట్‌వేర్ దొరికే ఆన్‌లైన్ గిడ్డంగులకూ) నమ్మేస్తుంది, పాలవాడికి బీరువా తాళం ఇచ్చినట్టు. అందుకే ఇక వాడొద్దన్నారు. ఇప్పుడు కీని ఈటీసీ, ఏపీటీ కింద కీరింగ్స్ ఫోల్డర్‌లో పెట్టి, ఆ ఒక్క రిపోజిటరీ ఫైలులో 'సైన్డ్-బై' దగ్గర దాని పాత్ రాయాలి. టెక్స్ట్ రూపంలో ఉన్న కీకి డాట్ ఏఎస్‌సీ, బైనరీ కీకి డాట్ జీపీజీ. ఇది తారుమారైనా, ఫైలుకు అందరూ చదివే పర్మిషన్ లేకపోయినా 'నో పబ్‌కీ' అనే వస్తుంది. కీ కళ్లెదుటే ఉంటే లేదంటుందేమిటని పిల్లలు తల పట్టుకునేది ఇక్కడే.

పైథాన్ ప్యాకేజీలు వేసే పిప్ 'ఎక్స్‌టర్నల్లీ మేనేజ్డ్' అని ఎర్రర్ ఇస్తే, కామెంట్లలో చెప్పే 'బ్రేక్ సిస్టమ్ ప్యాకేజెస్' జోలికి పోవద్దనండి. పైథాన్3-వెన్వ్ వేసుకుని, ప్రాజెక్టుకొక వెన్వ్ (ఆ ప్రాజెక్టు ప్యాకేజీలకు విడి గది) పెట్టుకోవాలి.

ఇక కోర్సు. ఫైల్ పర్మిషన్లే సరిగా రాని రెండో ఏడాదిలో, డెవాప్స్‌లో చెప్పే కుబెర్నెటిస్ (చాలా సర్వర్లలో కంటెయినర్లను నడిపే సాఫ్ట్‌వేర్) ఎక్కించడం నాకు నచ్చదు. అయినా మనసు ఆగకపోతే డెమో క్లాసులో వాళ్ల నోట్సు అడగండి. అందులో ఏపీటీ.కుబెర్నెటిస్.ఐఓ అని ఉంటే లేచి వచ్చేయండి. ఆ రిపోజిటరీకి కొత్త ప్యాకేజీలు చేర్చడం 2023 సెప్టెంబరు 13నే ఆపేశారు. ఇప్పుడున్నది పీకేజీఎస్.కే8ఎస్.ఐఓ, అందులో మైనర్ వెర్షన్ (మొదటి చుక్క తర్వాతి అంకె) మారినప్పుడల్లా అడ్రసు కూడా మార్చాలి. నోట్సు కూడా దిద్దుకోని చోట 60 వేలు పోయడమెందుకు?

ఒక మాట గట్టిగానే చెప్తా. పక్కింటివాడి ఇంటర్న్‌షిప్ మీ వాడి ముందు ఎన్నిసార్లు ఎత్తారో లెక్కపెట్టుకోండి. ఎర్రర్ చదవకుండా ఫార్మాట్ కొట్టడం ఆ కంగారులో అలవాటయ్యేదే.

ఈ ఆదివారం వీడియో లేకుండా, అధికారిక పేజీ మాత్రమే చూసి డాకర్ (కంటెయినర్లు నడిపే సాఫ్ట్‌వేర్) ఇన్‌స్టాల్ చేయమనండి. ఎర్రర్ వస్తే మొదటి లైను కాగితం మీద రాసుకోమనండి. ఒక పూట పట్టొచ్చు. ఆ పూట మీరు గదిలోకి తొంగిచూడకండి.